నేను పెద్దది చేసిన మాట

నేను ఒక చేతి మైకును. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, అంచున ఎర్రటి పట్టీ, పట్టుకోవడానికి ఒక పిడి, పిడికి ఒక మీట. మీట నొక్కి వెనకవైపు నోరు పెట్టి మాట్లాడితే ఆ మాట ముందువైపు నుంచి పదింతలై బయటికి వస్తుంది. నాకు తెలిసిన పని అంతే. మాట మంచిదో చెడ్డదో చూసుకునే ఏర్పాటు నాలో లేదు. చాలాకాలం నాకది లోటుగా కూడా అనిపించలేదు. ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవాలని నాకేమీ సరదాగా లేదు. కానీ ఆ మాటను అప్పుడే మూడు వందల మంది విన్నారు. ఇక దాచి ఏం లాభం?

నన్ను ఢిల్లీలో ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో బిగించారు. అక్కడి ముసలి మేస్త్రీ మైకు పూర్తయిన ప్రతిసారీ దాంట్లో తన మనవరాలి పేరు పిలిచి చూసేవాడు. సందు చివర ఆడుకునే ఆ పిల్ల తిరిగి చూస్తే మైకు బాగున్నట్టు లెక్క. నా దగ్గర ఆ పిల్ల రెండోసారికి తిరిగి చూసింది. అలా పరీక్ష నెగ్గి హైదరాబాదులో ఒక దుకాణానికి చేరాను.

నన్ను మొదట కొన్నది ఎన్నికల మనిషి. ఇరవై రోజులు జీపులో ఊరూరా తిరిగాం. నీళ్లు వస్తాయన్నాను, రోడ్లు పడతాయన్నాను, ఆస్పత్రి కడతారన్నాను. ఎన్నికలైపోయాక ఆయనా ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లలేదు, నేనూ వెళ్లలేదు. అప్పట్లో అందుకు నేనేమీ సిగ్గుపడలేదు. మాట ఆయనది, గొంతు మాత్రమే నాది అనుకున్నాను.

తరువాత ఒక జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే పనిలో కుదిరాను. నాలుగేళ్ల పిల్ల ఒకతి తన పేరు చెప్పలేక ఏడుస్తుంటే, పచ్చ గౌను, కాళ్లకు పట్టీలు అని గంటసేపు పిలిచాను. తల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నా బతుకులో చెప్పుకోదగ్గ రోజు అదొక్కటే. ఆ పైన ఎలుకల మందు అమ్మేవాడి సైకిలుకు వేలాడుతూ వారం వారం అంగళ్లు తిరిగాను. అతను మల్లారం బస్టాండు పక్కన దర్జీ లింబాద్రి దగ్గర రెండు ప్యాంట్లు కుట్టించుకుని, కుట్టుకూలి బదులు నన్ను ఇచ్చేసి వెళ్లాడు.

లింబాద్రికి అప్పటికి యాభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు జబ్బు చేసి గొంతు దెబ్బతిన్నది. ఎంత గట్టిగా అరిచినా దుకాణం గడప దాటేది కాదు. అలాంటి మనిషి ఒక ఆటల జట్టును ప్రాణంగా చూసుకునేవాడు. అది మల్లారం ఆడపిల్లల బేస్‌బాల్ జట్టు.

నిజామాబాదు జిల్లాలో ఒక మండల కేంద్రానికి బేస్‌బాల్ ఎక్కడిదంటే, ఆటల మాస్టారు భూమేశ్వర్ సారు తెచ్చాడు. కాలేజీలో తాను నేర్చుకున్న ఆటను ఊరి అమ్మాయిలకు నేర్పాడు. తొమ్మిది చొక్కాలు కుట్టమని లింబాద్రి దగ్గరికి వచ్చినప్పుడు లింబాద్రికి ఆ ఆట పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. ఆ ఆటలో పరుగెత్తుతూ నేలమీద జారతారని సారు చెబితే, తన కుట్లు ఆగుతాయో లేదో చూద్దామని మైదానానికి వెళ్లాడు. కుట్లు ఆగాయి. మనిషి మాత్రం అక్కడే చిక్కుకుపోయాడు. బంతి విసిరేవాళ్లు, బ్యాటుతో కొట్టేవాళ్లు, మైదానం చివర ఎక్కడో నిలబడి ఆకాశంలోకి చూసేవాళ్లు, అందరూ తాను కొలతలు తీయించి కుట్టిన చొక్కాల్లోనే కనిపించారు. ఆనాటి నుంచి ఒక్క ఆట కూడా వదల్లేదు.

ప్రతి ఏడూ దసరా వెళ్లగానే లింబాద్రికి ఆశ మొదలయ్యేది. డిసెంబరులో జిల్లా పోటీలు. గుడ్డ కత్తిరించే బల్ల అంచున సుద్దతో తొమ్మిది పేర్లు రాసేవాడు. ఎవరి చెయ్యి బలపడింది, ఎవరి పరుగు పెరిగింది, ఏ ఊరి జట్టులో ఎవరు పెళ్లై వెళ్లిపోయారు, అన్నీ అతనికి తెలుసు. రవిక కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా ఈసారి కప్పు మనదేనని చెప్పేవాడు. అయిదేళ్లు అలాగే చెప్పాడు. నేను వచ్చాక ఆ మాట మైదానం నాలుగు మూలలా వినిపించడం మొదలైంది. నన్ను నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు అతని భుజాలు నిటారుగా అయ్యేవి. జన్మలో మొదటిసారి దూరంగా ఉన్నవాళ్లు కూడా అతని మాటకు తిరిగి చూశారు. అది చూసి నాకూ గర్వంగా ఉండేది.

పోయినేడు మల్లారం ఫైనలుకు వచ్చింది. అవతల ఎల్లాపూర్ జట్టు. మా ఊరి నుంచి ముప్పై మంది ఆడవాళ్లు ట్రాక్టరు ట్రాలీలో వచ్చారు. దాదాపు అందరూ బీడీలు చుట్టేవాళ్లే. జట్టులోని అమ్మాయిల్లో అయిదుగురిది కూడా అదే పని. మైదానం చివర నిలబడే సుగుణ వాళ్లలో ఒకతి. ఇరవై రెండేళ్లు. ఉదయం చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి, సాయంత్రం ఆటకు వచ్చేది. ఆమె ఉన్న వైపు లేచిన బంతి నేలను తాకడం లింబాద్రి అరుదుగా చూశాడు.

చివరి ఇన్నింగ్స్. మనం ఒక్క పరుగు ముందున్నాం. ఎల్లాపూర్ వాళ్లు ఇద్దరు అవుటయ్యారు. మరో ఇద్దరు పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్కరు అవుటైతే కప్పు మనది. ఎల్లాపూర్ అమ్మాయి కొట్టిన బంతి బాగా పైకి లేచి సుగుణ వైపు వెళ్లింది. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి సరిగ్గా దాని కిందికి వచ్చి నిలబడింది. బంతి గ్లవ్‌లో పడింది. పడి, జారి, బయటికి వచ్చింది. ఆమె వేలికి దెబ్బ తగల్లేదు, కళ్లలో ఎండ పడలేదు. చేజారింది, అంతే. ఆ లోపల ఇద్దరూ పరుగెత్తుకొచ్చి రెండు పరుగులు చేశారు. ఆట అయిపోయింది.

లింబాద్రి నన్ను పైకెత్తాడు.  మీట నొక్కాడు.

“బీడీలు చుట్టే చేతులకు బంతి ఎట్ల ఆగుతది? పోయి చాట ముంగట కూసో, సుగుణా.”

నేను ఆ మాటను ఎప్పటిలాగే పదింతలు చేశాను. ఒక్క అక్షరం కూడా మింగలేదు. బ్యాటరీలు కొత్తవి కూడా. ఎల్లాపూర్ వైపు జనం పగలబడి నవ్వారు. మనవైపు కూడా ఇద్దరు ముగ్గురు మగవాళ్లు నవ్వారు. ట్రాలీ దగ్గర కూర్చున్న ముప్పై మంది ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. వాళ్లలో సుగుణ తల్లి రాజవ్వ ఉంది. లింబాద్రి భార్య గంగామణి కూడా ఉంది. సుగుణ గ్లవ్ విప్పి గడ్డిమీద పెట్టింది. ఎవరివైపూ చూడకుండా నడిచి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

 ఇంటికొచ్చాక గంగామణి అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపింది. ఆ చేతులతోనే ఆమె పదకొండేళ్లు బీడీలు చుట్టింది. లింబాద్రి కుట్టు మిషను వచ్చింది ఆ చేతుల పనితోనే.

“నా చేతులు సుత గవే గద,” అంది.

 మరునాడు అతను నన్ను దుకాణంలో వెనకగోడ మేకుకు తగిలించి మీద ఒక పాత లుంగీ కప్పాడు. ఆ చీకటిలో నాకు ఆలోచించుకోవడానికి బోలెడు సమయం దొరికింది. ఎన్నికల మనిషి దగ్గర చెప్పుకున్నట్టే, మాట అతనిది, గొంతు నాది అని చెప్పుకోబోయాను. ఈసారి అది నాకే నమ్మబుద్ధి కాలేదు. నేను లేకపోతే ఆ మాట అతని పక్కన నిలబడ్డవాణ్ని దాటేది కాదు. మైదానం చివరిదాకా దాన్ని మోసుకెళ్లి ఆమె చెవిలో వేసింది నేనే.

సుగుణ ఆట మానేసింది. భూమేశ్వర్ సారు రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ఎండాకాలం గడిచింది, వానలు గడిచాయి. దుకాణానికి వచ్చినవాళ్లు జట్టు సంగతి అడిగితే లింబాద్రి గుండీల డబ్బాలో ఏదో వెతుక్కునేవాడు. సుగుణ తల్లి రోడ్డుమీద కనిపిస్తే దుకాణం లోపలికి జరిగేవాడు.

అయినా దసరా వెళ్లేసరికి మళ్లీ ఆశ పుట్టింది. సారు కొలతల కోసం అమ్మాయిలను తీసుకొచ్చాడు. బంతి విసిరే శిరీష ఎండాకాలమంతా సాధన చేసి, బ్యాటు దాకా వచ్చి ఉన్నట్టుండి కిందికి దిగే బంతి నేర్చుకుందట. అఖిల పరుగు రెట్టింపైందట. ఎల్లాపూర్‌లో బంతి విసిరే అమ్మాయి పెళ్లై జిల్లా దాటి వెళ్లిందట. లింబాద్రి వింటూ వింటూ సుద్ద తీసుకుని బల్ల అంచున పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఎనిమిది రాశాడు. తొమ్మిదో చోట సుద్ద ఆగిపోయింది. అక్కడ ఇంకెవరి పేరూ కుదరదని సారుకూ తెలుసు, అతనికీ తెలుసు.

ముందు అతను చేసింది పిరికి పని. సుగుణ పాత కొలతలతో చొక్కా కుట్టి సారు చేతికిచ్చి పంపాడు. వేసిన మడత వేసినట్టే అది తిరిగి వచ్చింది. విప్పి కూడా చూడలేదని మడతలు చెప్పాయి.

తరువాత అతను మూడు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి. లుంగీ తీసి నా దుమ్ము దులిపాడు. కొత్త బ్యాటరీలు వేశాడు. నాకు నిజంగా సంతోషమైంది. చేసిన పాపాన్ని నా గొంతుతోనే కడుక్కోవచ్చనుకున్నాను.

మధ్యాహ్నం బీడీల కార్ఖానా ముందు ఆడవాళ్లు చాటలూ తట్టలూ పట్టుకుని వరసలో నిలబడ్డారు. చుట్టిన బీడీలు అప్పజెప్పే వేళ అది. వరసలో సుగుణ ఉంది. లింబాద్రి అరుగెక్కి మీట నొక్కాడు. తాను దర్జీ లింబాద్రినని, పోయినేడు ఫైనలులో సుగుణను ఒక మాట అన్నానని మొదలుపెట్టాడు. అంతటితో ఆగలేదు. ఆ మాట ఏమిటో కూడా చెప్పాడు. బీడీలు చుట్టే చేతులకు బంతి ఆగదన్నాను, అది తప్పు, నన్ను మాఫ్ చెయ్యాలి అన్నాడు. నేను దాన్ని కార్ఖానా లోపలి గదుల దాకా, ఎదురుగా ఉన్న హోటలు దాకా మోశాను. ఆనాడు మైదానానికి రానివాళ్లు చాలామంది ఉన్నారు. ఏమైందని ఒకరినొకరు అడగడం మొదలైంది. లోపలి నుంచి గుమాస్తా బయటికొచ్చి, ఎవరీ సుగుణ అని నవ్వుతూ వెతికాడు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

సుగుణ తట్ట నడుముకు ఆనించుకుని అరుగు దగ్గరికి వచ్చింది. లింబాద్రి వేలు ఇంకా మీట మీదే ఉంది. అందుకే ఆమె మెల్లగా అన్న మొదటి మాట కూడా నాలోంచి ఊరంతటికీ వినిపించింది.

“బందు చెయ్యి కాకా.”

అతను మీట వదిలాడు. ఆ తరువాత ఆమె అన్నది అతనికీ నాకూ మాత్రమే వినిపించింది.

“గా మాట మర్శిపోనీకె నాకు ఏడాది వట్టింది. విననోళ్లకు సుత ఇయ్యాల వినిపిస్తివి. నీ మనసు అల్కగైతదేమో. మరి నా సంగతేంది?”

 ఆమె వెళ్లి వరసలో తన చోట నిలబడింది. అతను అరుగు దిగి, నన్ను సంచిలో పెట్టుకుని, బజారు దారిన కాకుండా చెరకు తోటల వెనకగా ఇల్లు చేరాడు. మొదటిసారి చేసినదానికి కోపం కారణమని చెప్పుకోవచ్చు. ఈసారి మేమిద్దరం మంచి చేస్తున్నామనుకుంటూనే ఆ అమ్మాయిని మళ్లీ అదే చోట నిలబెట్టాం. నాకు ఇదే ఎక్కువ సిగ్గు.

జరిగింది విన్న గంగామణి అతన్ని తిట్టలేదు. ఆమెకు చెప్పాలనుకుంటే ఆమెకే చెప్పాలి, ఊరికి ఎందుకు చెప్పావు అని మాత్రం అడిగింది.  సుగుణ ఇంటికి వెళ్లే ధైర్యం అతనికి లేదు. బల్ల అంచున ఎనిమిది పేర్లను తడిగుడ్డతో తుడిచేశాడు. సారు తొమ్మిదో చోట బడి పిల్లనొకతిని నిలబెట్టి సాధన మొదలుపెట్టాడని తెలిసినా చూడటానికి వెళ్లలేదు.

పది రోజుల తరువాత, ఉదయం దుకాణం తెరిచిన కాసేపటికి, సుగుణ గడప దగ్గర నిలబడి ఉంది. లింబాద్రి లేచి నిలబడబోయి కత్తెర కింద పడేశాడు. ఆమె దుకాణంలోనే ఉన్న గంగామణి వైపు తిరిగి, పాత కొలతలు ఇప్పుడు కుదరవంది. గంగామణి టేపు తీసుకుని కొలుస్తూ అంకెలు చెప్పింది. అతను తలెత్తకుండా పుస్తకంలో రాసుకున్నాడు. భుజం దగ్గర అంకె రెండుసార్లు తప్పు రాశాడు.

కొలతలయ్యాక సుగుణ అతనివైపు చూసింది.

“నేను నీ కోసం అస్తలేను కాకా. ఆట ఇడిశిపెట్టి ఉండలేక అస్తున్న. మాఫ్ చేసిన అనుకోకు.” తరువాత మళ్లీ గోడ మేకుకు చేరిన నన్ను చూపించింది. “అది గ్రౌండ్ల కనవడద్దు.”

“కనవడది,” అన్నాడు లింబాద్రి.

“బంతి ఈసారి సుత పడొచ్చు.”

“పడనీ బిడ్డా.”

ఆమె ఆ మాట నమ్మిందో లేదో ముఖం చూసి చెప్పలేకపోయాను. చొక్కా ఎప్పుడిస్తారని అడిగి వెళ్లిపోయింది. లింబాద్రి నా బ్యాటరీలు తీసి సొరుగులో వేశాడు. నన్ను పై అటకమీద, పనికిరాని గుడ్డపీలికల మూటల మధ్య పెట్టాడు. అక్కడి నుంచి బల్ల కనిపిస్తుంది. రెండు రోజుల తరువాత దానిమీద మళ్లీ తొమ్మిది పేర్లు కనిపించాయి. శిరీష కొత్త బంతి గురించి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక గిరాకీతో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. కప్పు అన్న మాట కూడా వినిపించింది. అది విన్నప్పుడు నాకు భయమేసింది. పోయినేడు సుగుణను ఆ మాట అన్నదీ ఇంత ఆశ పెట్టుకున్న మనిషే.

జిల్లా పోటీల్లో మొదటి ఆట ఆదివారం. భార్యాభర్తలిద్దరూ దుకాణం మూసి వెళ్లారు. నేను ఆ రోజంతా అటకమీద పీలికల మధ్య గడిపాను. సాయంత్రం తలుపు తెరుచుకుంది. వాళ్ల వెనకే వచ్చిన పక్క దుకాణం మనిషికి గంగామణి సంగతులు చెప్పింది. మల్లారం ఒక్క పరుగు తేడాతో గెలిచింది. సుగుణ మూడు బంతులు పట్టింది. నాలుగోది చేజారి రెండు పరుగులు పోయాయి. ఇంకా ఆరు ఆటలున్నాయి. ఇలాగే ఆడితే కప్పు అందుతుందని ఆ మనిషి సంబరపడి వెళ్లిపోయాడు.

లింబాద్రి మిషను ముందు కూర్చున్నాడు గానీ తొక్కడం లేదు. గెలిచిన జట్టు మనిషిలా లేడు.

“గా నాలుగో బంతి అప్పుడు, మల్లా గసొంటి మాటే నోటిదాంక అచ్చింది, గంగామణీ,” అన్నాడు.

“నాకెర్క. పక్కనే ఉన్న గద.”

“ఎంత సిగ్గైందో.”

“కానియ్యి. అనలేదు గద.”

ఆమె దీపం వేసి లోపలికి వెళ్లింది. 

నేను చేతిలో లేకపోతే అతనిలో ఆ మాటలే పుట్టవని అనుకోవాలని చూశాను. అది నిజం కాదని ఆ సాయంత్రం తెలిసింది. నేను అటకమీద ఉన్నా అవి పుట్టాయి, నోటిదాకా వచ్చాయి. అక్కడ అతను ఆపాడు. నా నోటిదాకా వచ్చిన మాటను నేను ఒక్కసారి కూడా ఆపలేదు.